ఇంటి కాపలాకి టపాసుల మోత: చట్టం ఎక్కడ పట్టుకుంటుంది, బదులుగా ఏం బిగించుకోవాలి

"గేటుకి తీగ కట్టి, ఎవరైనా తగిలితే టపాసు పేలేలా పెట్టుకోవచ్చా?" దొంగతనాల వార్త వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. ఒకరు దొడ్డి గుమ్మానికి అడుగుతారు, ఇంకొకరు పొలం దగ్గర మోటారు షెడ్డుకి. ఊరెళ్లేటప్పుడు తాళం వేసిన ఇంటికి పెట్టి వెళ్తామనేవాళ్లూ ఉన్నారు. అందరికీ కలిపి ఒకేచోట చెప్తున్నాను.

జవాబు ముందే చెప్పేస్తా. దానంతట అది పేలేది ఏదీ ఇంటికి పెట్టకండి. చేత్తో వెలిగించి విసిరే టపాసు కూడా రాత్రిపూట కేసు తెచ్చిపెట్టేదే. ఎందుకో కాస్త వివరించి, ఆ తర్వాత మందుగుండు లేకుండా, అంతకన్నా గట్టిగా పనిచేసే మోత ఎలా బిగించుకోవాలో వరసగా చెప్తాను. తీగతో పేలే పరికరం కట్టే పద్ధతి కోసం వచ్చినవాళ్లకి మాత్రం ఇక్కడ ఏమీ దొరకదు.

మోత ఎవరి కోసం?

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. మోత దొంగని భయపెట్టడానికి అనుకుంటారు. కొంత నిజమే, కానీ అసలు పని అది కాదు. మోత మిమ్మల్ని నిద్ర లేపాలి, పక్కింటివాళ్లని బయటికి రప్పించాలి. దొంగ పారిపోయేది శబ్దానికి కాదు, ఆ శబ్దం విని నలుగురు లేస్తారన్న భయానికి.

ఈ లెక్కలో చూస్తే టపాసు చాలా బలహీనమైనది. పెళ్లి ఊరేగింపుకీ, నిమజ్జనానికీ, క్రికెట్ మ్యాచ్ గెలిచినా, నాయకుడి పుట్టినరోజుకీ టపాసులు పేలే చోట, రాత్రి రెండింటికి ఒక్క 'ఢాం' వినిపిస్తే ఎవరు లేస్తారు? అటు నుంచి ఇటు తిరిగి పడుకుంటారు. నిద్రలో ఉన్న మీకు కూడా ఏ దిక్కు నుంచి వచ్చిందో అంతుపట్టదు. లేచి కూర్చునేసరికి అంతా నిశ్శబ్దం. సైరన్ అలా కాదు, ఆపేదాకా మోగుతూనే ఉంటుంది, ఎక్కడి నుంచి వస్తోందో కూడా తెలుస్తుంది.

ఇక చెవుల సంగతి. మన దేశంలో టపాసు పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్, క్షణకాలపు గరిష్ఠ స్థాయి లెక్కలో 145 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన. పెద్దవాళ్ల చెవికి 140 గరిష్ఠ స్థాయి దాటితే ప్రమాదం అంటారు, పిల్లలకి ఆ హద్దు ఇంకా తక్కువ. దూరం సగమైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే నాలుగు మీటర్ల దగ్గర 145 ఉన్నది ఒక మీటరు దగ్గర 157 అవుతుంది. ఇది ఆరుబయట లెక్క. వరండాలోనో మెట్ల దగ్గరో అయితే గోడలకి తగిలి ఇంకా ఎక్కువ. ఆ తర్వాత కాసేపు మీకు చెవుల్లో గుయ్‌మనే మోత తప్ప ఏమీ వినపడదు. ఇంట్లో దొంగ ఉన్నాడనుకుంటున్న సమయంలో, అతని అడుగుల చప్పుడు వినే అవకాశాన్ని మీరే పోగొట్టుకున్నట్టు. పైగా పొగ. వంటగదిలో గ్యాస్ లీకై ఉంటే ఆ సంగతి చెప్పనే అక్కర్లేదు.

చట్టం ఎక్కడెక్కడ తగులుతుంది

దీన్ని మూడు సందర్భాలుగా విడదీసి చూడండి. మీ ఆలోచన ఏ దాంట్లోకి వస్తుందో మీకే తెలుస్తుంది.

మొదటిది: కొన్న టపాసుని చేత్తో వెలిగించి విసరడం. 2005 జులైలో సుప్రీంకోర్టు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం వచ్చే టపాసులు కాల్చడాన్ని నిషేధించింది. శబ్ద కాలుష్య నిబంధనల్లోనూ ఈ రాత్రివేళ నిషేధం ఉంది. దొంగలు వచ్చేదీ ఆ వేళలోనే! ఇక ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 288 సెక్షన్: పేలుడు పదార్థంతో నిర్లక్ష్యంగా వ్యవహరించి మనుషుల ప్రాణానికి ముప్పు తెస్తే, ఎవరికైనా దెబ్బ తగిలే పరిస్థితి కల్పిస్తే, ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నిజంగా ఎవరికైనా తీవ్ర గాయమైతే 125 సెక్షన్ కింద మూడేళ్ల దాకా పోవచ్చు. ప్రాణం పోతే 106 సెక్షన్, అయిదేళ్ల దాకా.

రెండోది: దానంతట అది పేలేది పెట్టడం. అన్నిటికన్నా ప్రమాదం ఇదే, ఎక్కువమంది అడిగేదీ ఇదే. మా స్థలం, మా గేటు, దొంగ వస్తే వాడి ఖర్మ అంటారు. దీనికి సుప్రీంకోర్టు 1963లోనే జవాబిచ్చింది. బిహార్‌లో ఒకాయన తన మరుగుదొడ్డిని బయటివాళ్లు వాడకుండా తొడుగు లేని రాగితీగ కట్టి కరెంటు పెట్టాడు. హెచ్చరిక బోర్డు లేదు. పక్కింటి మనిషి దానికి తగిలి చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చింది కదా, నా ఆస్తిని కాపాడుకునే హక్కు నాకుంది అని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన ఆ మనిషికి చట్టం రక్షణ పోదంది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద శిక్ష ఖాయమైంది.

అక్కడ కరెంటు, ఇక్కడ మందు, అంతే తేడా. తీగకి కళ్లు లేవు. తెల్లవారుజామున పాలు పోసే అబ్బాయి, పనిమనిషి, బంతి కోసం గోడ దూకిన పక్కింటి పిల్లాడు, మీటరు చూడటానికి వచ్చిన మనిషి, అగ్నిప్రమాదమైతే లోపలికి రావలసిన ఫైర్ సిబ్బంది... వీళ్లలో ఎవరు తగులుతారో మీ చేతిలో ఉండదు. ఇంటివాళ్లే తగిలే అవకాశం అందరికన్నా ఎక్కువ, రోజూ ఆ దారిన తిరిగేది వాళ్లే కాబట్టి.

మూడోది: ఇంట్లో మందు కలిపి తయారు చేయడం, నాటు బాంబు తెచ్చి పెట్టుకోవడం. ఇది చిన్న కేసు కాదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద లైసెన్స్ లేని తయారీకి మూడేళ్ల దాకా జైలు. అది కాక 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్ ఉంది. ప్రాణానికో ఆస్తికో ముప్పు తెచ్చే పేలుడు దురుద్దేశంతో జరిపితే, ఎవరికీ ఏ నష్టం జరగకపోయినా శిక్ష తప్పదని ఆ చట్టంలోనే రాసి ఉంది. అనుమానాస్పద పరిస్థితుల్లో దగ్గర ఉంచుకున్నా పదేళ్ల దాకా పడొచ్చు. 'దొంగల కోసం పెట్టుకున్నా సార్' అన్న మాట అనుమానాన్ని తీర్చదు, పెంచుతుంది.

మరి ఆత్మరక్షణ హక్కు లేదా? ఉంది. న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు ఇంటికి కన్నం వేసేవాణ్ణి ఎదిరించే హక్కు చాలా దూరం పోతుంది కూడా. కాకపోతే 37 సెక్షన్ రెండు కళ్లేలు వేసింది: అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. ఈ రెండూ మనిషి అక్కడ ఉండి, చూసి, ఆలోచించి తీసుకునే నిర్ణయాలు. మీరు ఊళ్లో లేనప్పుడు పేలే పరికరం ఏం ఆలోచిస్తుంది?

ఖాళీ తూటాల పిస్టల్ (శబ్దమే తప్ప గుండు రానిది) గురించి కూడా కొందరు అడుగుతున్నారు. ఆయుధాల చట్టం సంగతి అలా ఉంచండి, చీకట్లో మీ చేతిలో ఉన్నది నకిలీదని ఎదుటివాడికి తెలీదు. అతని దగ్గర నిజమైన కత్తి ఉంటే దాన్ని వాడతాడు. పోలీసులు వచ్చేసరికి మీ చేతిలో పిస్టల్ ఉంటే ఎవరు దొంగో వాళ్లకీ తెలీదు. దాని జోలికి పోకండి.

కావలసినవి

ఒక మామూలు ఇంటికి ఇవి చాలు:

- తలుపులకి అయస్కాంత సెన్సర్లు. ఇంటి బయటికి దారి ఉన్న ప్రతి తలుపుకీ ఒకటి.
- హాల్లోనో మెట్ల దగ్గరో ఒక కదలిక సెన్సర్.
- బ్యాటరీ బ్యాకప్ ఉన్న అలారం ప్యానెల్. సిమ్ వేసుకునే రకమైతే మంచిది, అలారం మోగగానే మీ ఫోన్‌కి కాల్ చేస్తుంది.
- రెండు సైరన్లు, 12 వోల్టులవి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి.
- మంచం పక్కన పెట్టుకునే పానిక్ బటన్, నొక్కగానే సైరన్ మోగేలా.
- బయట ఒక లైటు, సైరన్‌తోపాటు వెలిగేలా.

ఇంత పెట్టుబడి ఇప్పుడు కుదరదంటే ఆ సంగతి చివర్లో చెప్తా. దానికీ దారులున్నాయి.

ఎలా బిగించాలి

1. ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి, దొంగ కళ్లతో. వీధి తలుపుకి మూడు గొళ్లాలు వేసి, దొడ్డి తలుపుకి సన్నటి బోల్టుతో సరిపెట్టే ఇళ్లే ఎక్కువ. డాబా మీది తలుపు, బాత్‌రూం వెంటిలేటరు, గోడ పక్కన పెట్టిన నిచ్చెన చూడండి. సెన్సర్ కొనేముందు ఆ బోల్టు మార్చండి, నిచ్చెన తీయండి. సైరన్ మోగాక అతను లోపలికి రావడానికి పట్టే టైమ్ ఎంత ఎక్కువైతే మీకంత మంచిది.

2. తలుపు సెన్సర్ బిగించండి. ఇందులో రెండు ముక్కలుంటాయి. వైరు ఉన్నది ద్వారబంధానికి, అయస్కాంతం తలుపుకి. తలుపు మూసినప్పుడు రెండూ ఎదురెదురుగా, సెంటీమీటరు లోపు ఎడంలో ఉండాలి. బందుల వైపు కాకుండా తలుపు తెరుచుకునే వైపు పైమూలలో పెట్టండి. బందుల దగ్గర పెడితే తలుపు సగం తెరిచినా సెన్సర్‌కి తెలియదు.

ఇనుప గ్రిల్, ఇనుప గేటు అయితే మామూలు సెన్సర్ పెట్టకండి. ఇనుము అయస్కాంత బలాన్ని తనలోకి లాక్కుంటుంది, అందుకే అది ఒకరోజు పనిచేసి ఒకరోజు చేయదు. ఇనుప తలుపుల కోసం వచ్చే రకం వేరే ఉంది, అదే అడిగి తెచ్చుకోండి. షట్టర్‌కి ఇంకో రకం.

కొయ్య తలుపులకి ఇంకో తంటా. వానాకాలంలో ఉబ్బి పూర్తిగా మూసుకోవు, ఎండాకాలంలో బిగువు తగ్గి ఎడం పెరుగుతుంది. ఏప్రిల్‌లో బాగున్న సెన్సర్ ఆగస్టులో అర్ధరాత్రి మోగితే ముందు ఈ ఎడం చూడండి. దయ్యమేమీ కాదు.

3. కదలిక సెన్సర్ పెట్టే చోటు. నేల నుంచి రెండు మీటర్లు, రెండుంపావు మీటర్ల ఎత్తులో, గది మూలన. ఇది ఒంటి వేడి కదలడాన్ని పసిగడుతుంది. దానికి ఎదురుగా మనిషి నడిచి రావడం కన్నా, అడ్డంగా దాటిపోవడాన్ని బాగా పట్టుకుంటుంది. కాబట్టి తలుపుకి సూటిగా కాకుండా, తలుపు నుంచి గదిలోకి వచ్చే దారికి అడ్డంగా చూసేలా పెట్టండి. కిటికీ వైపు, ఏసీ వైపు, ఎండ పడే గోడ వైపు తిప్పకండి.

మన ఇళ్లలో దీనికి అసలు శత్రువు బల్లి. సెన్సర్ అద్దం మీదికి పాకిందంటే, అంత దగ్గర నుంచి అది సెన్సర్‌కి మనిషంత కనిపిస్తుంది. పక్కనే ట్యూబ్‌లైట్ ఉంటే పురుగుల కోసం బల్లులు అక్కడే చేరతాయి. లైటుకి దూరంగా పెట్టండి, సెన్సర్ వెనక వైరు వచ్చే కన్నాన్ని మూసేయండి. చీమలు కూడా ఆ కన్నంలోంచే లోపలికి పోయి కాపురం పెడతాయి.

4. సైరన్లు. బయటిది సజ్జ కింద, నిచ్చెన లేకుండా చేయి అందని ఎత్తులో, వాన నేరుగా తగలని చోట. వైరు బయట వేలాడకూడదు. గోడలో కన్నం వేసి నేరుగా సైరన్ వెనక నుంచే రావాలి. కనపడే వైరుని కత్తిరించడానికి క్షణం పట్టదు. లోపలిది మెట్ల దగ్గరో హాల్లోనో. మంచానికి ఎదురుగా వద్దు, మీకు చెవుడు వచ్చినంత పనవుతుంది. 12 వోల్టుల సైరన్ డబ్బా మీద సాధారణంగా 100 నుంచి 120 డెసిబెల్స్ అని ఉంటుంది. అది ఒక మీటరు దూరంలోని లెక్క, పక్కింటికి చేరేసరికి చాలా తగ్గుతుంది. అందుకే దాన్ని ఏ ఇంటి వైపు తిప్పుతున్నారో ఆలోచించి బిగించండి. వీధి వైపు కన్నా, లేచి వచ్చే మనుషులున్న ఇంటి వైపు తిప్పడం మేలు.

5. టైమ్‌లు పెట్టండి. మీరు బయటికి వెళ్లడానికి 45 సెకన్లు, తిరిగొచ్చి ఆపడానికి 20 నుంచి 30 సెకన్లు సరిపోతుంది. దొడ్డి తలుపుకి మాత్రం ఈ వెసులుబాటు ఇవ్వకండి, తెరిచిన క్షణమే మోగాలి. సైరన్ మూడు నుంచి అయిదు నిమిషాల్లో దానంతట అది ఆగేలా పెట్టాలి. మీరు ఊళ్లో లేనప్పుడు తెల్లారేదాకా మోగితే పక్కింటివాళ్లు ఫిర్యాదు చేసేది దొంగ మీద కాదు, మీ మీద.

6. బ్యాటరీ. కరెంటు పోయిన రాత్రే అలారం అవసరం ఎక్కువ. 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ చాలా ప్యానెల్స్‌లో పడుతుంది. ప్యానెల్, సెన్సర్లు కలిసి 100 మిల్లీఆంపియర్లు తీసుకుంటే లెక్కకి 70 గంటలు రావాలి. బ్యాటరీ పాతబడటం, సైరన్ తినేది కలుపుకుంటే రెండు రోజులు అనుకోండి. ఇన్వర్టర్ ఉంది కదా అని బ్యాటరీ మానకండి. ఇన్వర్టర్ వరండాలో పెట్టే ఇళ్లున్నాయి, దాని స్విచ్ ఆపడం ఎంతసేపు?

7. సిమ్. దీని మీద చాలా ఫిర్యాదులు వింటుంటా, ఎక్కువ వాటిలో తప్పు ప్యానెల్‌ది కాదు, రీచార్జిది. బిగించిన రోజు అన్నీ పనిచేస్తాయి, ప్లాన్ అయిపోయాక ఎవరూ గుర్తుపెట్టుకోరు. దొంగ వచ్చిన రోజు ఫోన్ రాదు. ఏడాది ప్లాన్ వేసి, అయిపోయే తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. సిమ్‌కి పిన్ లాక్ ఉంటే ముందే తీసేయాలి. పాత 2జీ ప్యానెల్ కొనేముందు మీ నెట్‌వర్క్ ఆ చోట దాన్ని అందిస్తోందా అని మామూలు ఫోన్‌లో వేసి చూసుకోండి. మొదటి నంబర్‌గా మీది, రెండోది పక్కింటివాళ్లది పెట్టండి. రెండూ మీ ఇంట్లోవాళ్లవే అయితే, అందరూ పెళ్లికి వెళ్లిన రోజు ఎవరొచ్చి చూస్తారు?

8. పక్కింటివాళ్లతో మాట్లాడండి. ఇది మరవొద్దు. సైరన్ ఒకసారి మోగించి వినిపించండి. 'ఇది మోగితే మీ లైట్లు వేసి, గట్టిగా కేకెయ్యండి, 112కి ఫోన్ చెయ్యండి. బయటికి మాత్రం ఒంటరిగా రావద్దు' అని చెప్పండి. వాళ్లింట్లో ఏదైనా జరిగితే మీరూ అదే చేస్తామని మాటివ్వండి. అపార్ట్‌మెంట్ అయితే వాచ్‌మన్‌కి కూడా.

ఎక్కువ రోజులు ఊరెళ్తుంటే స్థానిక స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసులకి ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో ఉంది. మిగతాచోట్ల కూడా బీట్ కానిస్టేబుల్‌కి ఒక మాట చెప్తే అటువైపు ఒక కన్నేస్తారు.

సరిగ్గా పనిచేస్తోందా?

బిగించినవాళ్లు పగటిపూట ఒకసారి మోగించి చూపించి వెళ్లిపోతారు. అది పరీక్ష కాదు. మీరు ఇలా చూడండి.

మెయిన్ ఆపేసి తలుపు తెరవండి. బ్యాటరీ మీద కూడా అదే గట్టిదనంతో మోగాలి. గొంతు నీరసంగా వస్తే బ్యాటరీ అయిపోయినట్టే. మన వేడికి మూడేళ్లు దాటితే మార్చేయడం మంచిది.

ఇంకొకరు పక్కింట్లో తలుపులు మూసి, ఫ్యానో కూలరో వేసి పడుకోవాలి. అప్పుడు వినిపిస్తోందా? వినిపించకపోతే సైరన్ దిశ మార్చండి.

ప్రతి తలుపునీ చేయి పట్టేంత మాత్రమే తెరిచి చూడండి. సగం తెరిస్తే గానీ మోగలేదంటే అయస్కాంతం దూరంగా ఉన్నట్టు. హాల్లో నెమ్మదిగా, వంగి నడిచి కూడా చూడాలి. ప్యానెల్ సిమ్ నుంచి మీకు కాల్ వస్తోందా, మోగుతున్న ఫోన్ మీద ఆ నంబర్ పేరు కనిపిస్తోందా చూడండి. తెలియని నంబర్ అని కట్ చేసేవాళ్లే ఎక్కువ.

నెలకోసారి ఇదంతా చేయాలి. ఒక ఆదివారం సాయంత్రం అందరికీ చెప్పి చేయండి, అర్ధరాత్రి కాదు.

ఊరికే మోగడం ఎక్కువైతే చాలామంది అలారాన్ని మొత్తం ఆపేస్తారు. అలా చేయకండి. ఏ జోన్, అంటే ఏ సెన్సర్ ఉన్న చోటు మోగిందో ప్యానెల్ చూపిస్తుంది. ఆ ఒక్క సెన్సర్‌నే కొన్నాళ్లు పక్కన పెట్టి, కారణం వెతకండి. రెండు మూడుసార్లు ఉత్తుత్తిగా మోగిందంటే నాలుగోసారి పక్కింటివాళ్లు లేవరు. అక్కడితో అలారం పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

ఇంత ఖర్చు కుదరకపోతే

తలుపు కింద దూర్చే అలారం దొరుకుతుంది, బ్యాటరీతో నడుస్తుంది. తలుపు తోస్తే దాని మీద ఒత్తిడి పడి మోగుతుంది. మొజాయిక్, టైల్స్ నేల మీద జారిపోతుంది, అడుగున రబ్బరు ముక్క అతికించండి. అద్దె ఇంటివాళ్లకి ఇది బాగా పనికొస్తుంది, గోడకి మేకు కూడా కొట్టక్కర్లేదు. దీనికి తోడు మంచం పక్కన ఒక ఈల. కారు ఉంటే తాళంలోని పానిక్ బటన్ పనిచేస్తుంది, కానీ కారు ఆగిన చోటికి పడకగది నుంచి సిగ్నల్ అందుతోందో లేదో ముందే చూసుకోండి. తలుపు వెనక ఒకదాని మీద ఒకటి పెట్టిన స్టీలు గిన్నెలు పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనిచేస్తాయి. పిల్లలు, పెద్దవాళ్లు రాత్రి లేచి అటు వెళ్లే ఇంట్లో మాత్రం వద్దు.

గ్యాస్ డబ్బాతో ఊదే హారన్ చాలా గట్టిది. స్టవ్ పక్కన, ఎండ పడే కిటికీలో పెట్టకండి. ఎవరి చెవి దగ్గరా ఊదకండి.

రాత్రి నిజంగానే మోగితే

గది తలుపు గడియ పెట్టుకోండి. లైట్లన్నీ వేయండి. 112కి ఫోన్ చేసి ముందు చిరునామా చెప్పండి, తర్వాత సంగతి. కేకలేయండి. చూడటానికి బయటికి వెళ్లకండి, కెమెరా ఉంటే ఫోన్‌లో చూడండి. అతను పారిపోయే దారికి అడ్డం పడొద్దు. దారి మూసుకుపోయినవాడే తిరగబడతాడు.

నలుగురూ కలిసి పట్టుకున్నారనుకుందాం. కళ్ల ముందు ఇలాంటి నేరం చేసినవాణ్ణి మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40 సెక్షన్ ఇచ్చిన హక్కు అది. ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపే పోలీసులకి అప్పగించాలి. ఈలోపు కట్టేసి కొడితే కేసు కొట్టినవాళ్ల మీద పడుతుంది. గుంపులో ఎవరు కొట్టారో తేలకపోతే ఇంటి యజమాని పేరే ముందు వినిపిస్తుంది.

భయంలో ఎవరో టపాసు వెలిగించి విసిరేశారా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కాలిన కాగితాలు ఊడ్చి పారేయకండి, కడగకండి. ఎవరికైనా గాయమైతే, దొంగకైనా సరే, 108కి ఫోన్ చేయండి. ఆ తర్వాత వాంగ్మూలం ఇచ్చేముందు వకీలుతో మాట్లాడండి.

ఇప్పటికే పెట్టి ఉంటే

గేటుకో షెడ్డుకో ఏదో కట్టి ఉంచినవాళ్లు ఇది చదువుతూ ఉంటే, విప్పడానికి మీరే వెళ్లకండి. బిగించినప్పుడు పేలలేదు కాబట్టి విప్పేటప్పుడూ పేలదనుకోవద్దు. వాన, ఎండ తిన్న మందు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేం. నాటు బాంబు, ఇంట్లో కలిపిన మందు అయితే తాకకుండా, మనుషులని దూరంగా పంపి, 112కి చెప్పండి. వకీలు ద్వారా చెప్పించడం మీకు క్షేమం అనుకుంటే అలాగే చేయండి, కానీ ఆ రోజే. దేనికీ కట్టకుండా, దీపావళికి కొని మిగిలిన మామూలు టపాసులైతే బకెట్ నీళ్లలో పూర్తిగా మునిగేలా ఒక రాత్రంతా నానబెట్టి పారేయొచ్చు. పేలకుండా మిగిలినవాటిని విప్పి మందు తీయకండి, మళ్లీ వెలిగించనూ వద్దు.

పొలం దగ్గర అడవిపందులకి?

ఇది వేరే విషయం, అయినా అడుగుతూనే ఉంటారు. తినే వస్తువులో మందు పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద వేట కేసు అవుతుంది. 2020 మే నెలలో కేరళలో కడుపుతో ఉన్న ఏనుగు అలాంటిది కొరికి నోరు పగిలి, రోజుల తరబడి బాధపడి నీళ్లలో నిలబడి చనిపోయింది. అది పందుల కోసం పెట్టిందే. చేలో పశువుల కాపరో పిల్లలో దాన్ని చేత్తో తీసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సోలార్ కంచె వేయించుకోండి. అది క్షణకాలం మాత్రమే తగిలే విద్యుత్తు ఇచ్చే ఎనర్జైజర్‌తో ఉండాలి, నేరుగా మెయిన్ కరెంటు కాదు. లేదా కదలికకి మోగే సైరన్, లైటు పెట్టి, వాటి చోటు వారానికోసారి మార్చండి. ఒకేచోట ఉంచితే పందులు అలవాటుపడిపోతాయి. పంట నష్టం జరిగితే ఫొటోలు తీసి, పరిహారం కోసం అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. నష్టం జరిగిన చోటు చదును చేయకముందే ఇవ్వాలి.